తెల్ల బకెట్లలో పెట్టిన తొక్కు

మా ఐదిళ్లకూ మామిడికాయ తొక్కు నేనే కలిపేదాన్ని. మా అత్త కాలం చేశాక ఆ పని నా మీద పడింది. మా ఇల్లు, మా మరిది భార్య అంటే మా యారాలి ఇల్లు, ఇద్దరు ఆడబిడ్డల ఇళ్లు, రావిర్యాలకు ఇచ్చిన నా బిడ్డ ఇల్లు. కాయలు ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు, కారం ఎవరిది వాళ్లు పట్టించుకుంటారు, కలిపే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండాలి. కొందరి చేతికి తొక్కు నెల తిరక్కుండానే బూజు పడుతుంది. నా చేతికి మళ్లీ కాయ దిగేదాకా ముక్క మెత్తబడదని మా వాళ్ల నమ్మకం. నాకూ ఉండేది ఆ నమ్మకం. గర్వమంటే గర్వమే, కాదనను.

శంషాబాద్ పక్కన మా పాత ఊరు విమానాశ్రయం కింద పోయినప్పుడు సామాను ట్రాక్టరు మీద కొత్త కాలనీకి తెచ్చుకున్నాం. ఆ దారిలోనే పెద్ద జాడీలు రెండు పగిలాయి. మిగిలిన ఒక్కదానికి నెర్రె పడింది. గడ్డి వేసి కట్టమని ముందే చెప్పాను, ఎవరూ వినలేదు. కొన్నేళ్లు ఏవో చిన్నాచితకా సీసాలతో నెట్టుకొచ్చాం. తొక్కు కలపడానికి మా అత్త నాటి ఇత్తడి గంగాళం ఒకటి ఉండేది. దానికి కళాయి పోయింది. కళాయి అంటే ఇత్తడి గిన్నె లోపల పూసే తగరం. అది లేని ఇత్తడిలో పులుపు పోస్తే పచ్చగా చిలుము పడుతుంది, తిన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు మా అమ్మ తెలియక అట్లాంటి గిన్నెలో చింతపులుసు పోస్తే, మా నాయనమ్మ ఆ పులుసు మొత్తం పెంటకుప్ప మీద పారబోయించింది. "పులుపు గిన్నెను తింటది, పులుపును మనం తింటం" అనేది ఆమె.

కళాయి వేసేవాడు సైకిల్ మీద ఏడాదికోసారి వచ్చేవాడు. పెద్ద రోడ్లు పడ్డాక రావడం మానేశాడు. విమానాలు ఎగరడం మొదలైన మూడో ఎండాకాలం, ఇంకెవరూ రారని తేలిపోయాక, ఆ గంగాళాన్ని ఆటోలో వేసుకుని ఆరాంఘర్ దగ్గరి పాత సామాన్ల దుకాణానికి పోయాను. అక్కడ తెల్ల బకెట్లు కనబడ్డాయి. మూతలు బిగుతుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఇనుప చువ్వ ఉంది, ఒక్కొక్క దానిలో ఇరవై కిలోల తొక్కు పడుతుంది. కింద పడ్డా పగలవు, చిలుము పట్టవు. గంగాళం ఇచ్చి ఆరు బకెట్లు తెచ్చుకున్నాను. ఆటోలో వస్తుంటే నా అంత తెలివైనది ఇంకెవరూ లేరనిపించింది.

మా కోడలు అప్పటికి విమానాల్లోకి తిండి తయారుచేసే ఒక పెద్ద వంటశాలలో గిన్నెలు కడిగే పనికి పోతుండేది. నెత్తికి టోపీ, చేతులకు తొడుగులు, ఒక్క వెంట్రుక రాలినా తిట్లు. అక్కడ డబ్బాకు చిన్న గీత పడినా పక్కన పారేస్తారని చెబితే నా ప్రాణం ఉసూరుమంది. అంతకు ముందే ఒకసారి అడిగాను.

"గా పారేసే డబ్బాలు నాలుగు పట్టుకరారాదు? ఉప్పుకో పప్పుకో అక్కరకొస్తయ్."

"గేటు కాడ సంచి చూస్తరత్తమ్మా, దొరికితె నౌకరి పోతది. అయినా గీతలు పడ్డదని వాళ్లు పారేస్తుంటే మనం దాంట్ల పప్పు పోసుకుంటమా?"

"మస్తు నేర్పిన్రు నీకు. గీతలు పడ్డ డబ్బా పారేసేటోళ్లు, ముడతలు పడ్డ నన్ను గూడ పారేస్తరేమో."

"నిన్ను పారేసే ధైర్యం ఎవలికున్నదత్తమ్మా?" అని నవ్వుతూ లోపలికి పోయింది.

బకెట్లు తెచ్చిన నాడు మాత్రం నవ్వలేదు. ఒకదాన్ని బోర్లించి అడుగు చూసింది. తిప్పి తిప్పి చూసింది.

"దీని మీద గిలాస, ముల్లుచెంచ బొమ్మ లేదు. తిండి పెట్టే డబ్బాకు ఆ బొమ్మ ఉంటదని మాకు చూపెట్టిన్రు. ఇండ్ల గోడలకేసే మందో, బండలంటిచ్చే గమ్మో వచ్చిన బకెట్లు గావచ్చు ఇవి. పైన చీటీ ఏది?"

చీటీ నేను వచ్చీ రాగానే పీకేశాను. ప్రతి బకెట్ మీదా అరచేతంత రంగుల కాగితం అంటించి ఉండేది. నీళ్లలో నానబెట్టి, కత్తితో గీకి, మరకలు పోయేదాకా పీచుతో రుద్దాను. మూడో తరగతి చదువు నాది, తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఆ చీటీల మీద ఉన్నది ఇంగ్లీషు. చదవలేని కాగితం గిన్నె మీద ఉంటే నాకు మురికిలాగే కనిపించింది.

"చింతపండు, బూడిద కలిపి తోమిన. మూడు రోజులు ఎండల పెడుత. ఇగో, వాసన చూడు."

"వాసన లేకుంటె లేనట్టేనా అత్తమ్మా?"

"తొక్కు పెట్టుడు నువ్వు నాకు నేర్పుతవా?" అన్నాను.

ఆ మాట తర్వాత మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కోడలు బకెట్‌ను మళ్లీ నిలబెట్టి, చేతులు కడుక్కుని డ్యూటీకి పోయింది.

తొక్కు పెట్టిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. నీడకు పట్టా కట్టి, దాని కింద నలుగురం కూర్చుని కాయలు కొట్టాం. జీడి తీసి, గుడ్డతో తుడిచి, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి, ఎల్లిపాయలు వేసి నేను ఆ బకెట్లలోనే కలిపాను. నూనె పోపు పెట్టి దించాక పూర్తిగా చల్లారనివ్వాలి. ఎప్పుడూ చల్లారేదాకా ఎవరినీ ముట్టనివ్వను. ఆ రోజు మా ఆడబిడ్డలు తెచ్చుకున్న ఆటో బయట నిలబడి ఉంది, ఆటోవాడు గొణుగుతున్నాడు. నూనెలో వేలు పెట్టి చూశాను. కాలింది, కానీ ఓర్చుకునేంతే. జాడీలో అయితే ఏం కాదు కదా, ఇందులో మాత్రం ఏమవుతుంది అని ఆ వేడి మీదే బకెట్లలో పోసేశాను.

ఇంటికొక బకెట్ పోయింది. ఆరోది కూడా నా బిడ్డకే పంపాను.

బిడ్డ సంగతి చెప్పాలి. పెళ్లయి నాలుగేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచి, మూడో నెలలో ఒకటి, నాలుగో నెలలో ఒకటి పోయాయి. రెండోసారి పోయినప్పుడు మూడు నెలలు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు అయిదో నెల నిండింది. అన్నం చూస్తే కక్కుకుంటోందని వాళ్ల అత్త ఫోన్ చేసింది. బిడ్డ ఫోన్ తీసుకుని, "అమ్మా, నీ నిరుటి తొక్కు తప్ప నోట్లెకు ఏం పోతలేదే. ఉత్త అన్నంల కలుపుకుని తింటున్న" అంది. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. అందుకే రెండు బకెట్లు.

మిరుగు కార్తె వచ్చి వానలు పడ్డాయి. తొక్కు పెట్టి నెల దాటింది. మా బకెట్ కొంత దిగింది, మిగిలింది చిన్న సీసాలకెత్తి బకెట్ కడుగుదామని కూర్చున్నాను. తొక్కు తీసిన చోట లోపలి గోడ ఎర్రగా పట్టేసింది. నూనె మరక అనుకుని చింతపండుతో రుద్దాను. పోలేదు. గోరుతో గీకితే గోటి కింద తెల్లటి పొట్టు వచ్చింది. మళ్లీ గీకాను. మళ్లీ వచ్చింది. కొన్నప్పుడు అద్దంలా నున్నగా ఉన్న గోడ, ఇప్పుడు చేతికి గరుకుగా, మెత్తగా, నానిన అట్టలాగా తగిలింది. ముక్కు లోపల పెట్టి పీల్చాను. ఆవఘాటు కింద ఇంకో వాసన ఉంది. కొత్తగా సున్నాలు, రంగులు వేసిన ఇంట్లోకి పోతే వచ్చే వాసన.

నాయనమ్మ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అరవై ఏళ్లుగా నా దగ్గరున్న మాటే. ఇత్తడికి పనికొచ్చిన తెలివి ప్లాస్టిక్ దగ్గరికి వచ్చేసరికి నాకు తోచలేదు. తుప్పు పట్టనిది, చిలుము పట్టనిది, అందులో నుంచి మనలోకి వచ్చేదేముంటుంది అనుకున్నాను.

కోడలు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆ బకెట్ ముందే కూర్చున్నాను. వచ్చాక చూపించాను. ఆమె లోపలి గోడ మీద వేలు రాసి చూసింది.

"పిల్లలకు పెడుతున్నవా ఈ తొక్కు?" అని అడిగాను.

"పెడ్తలేనత్తమ్మా. నేను తింటలేను."

"నెల రోజుల సంది?"

"మొదటి రోజు సంది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

కోడలు నా వంక చూసి, "చెప్పిన గదా అత్తమ్మా" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా ఏదో అనేదాన్ని.

పక్క వీధిలో ఉన్న యారాలి దగ్గరికి పోయాను. ఆమె తొక్కు బకెట్‌ను మంచం కింద పెట్టి గోనెసంచి కప్పింది. మూత తీస్తే పైపైన నాలుగు ముక్కలు తీసినట్టుంది, అంతే.

"నువ్వు తింటలేవా?"

"ఏదో వాసనొస్తుందక్కా ఈసారి. పిల్లలు వద్దన్నరు."

"నెల నుంచి రోజు కనబడుతున్నవు. ఒక్కనాడు చెప్పలేదేందే?"

"నీ చేతి తొక్కుకు వంక పెట్టి ఈ కాలనీల బతుకుతనా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేసింది.

అందరికీ వాసన వచ్చింది. ఎవరూ చెప్పలేదు. నేను ఇన్నేళ్లు ఎవరినీ నోరెత్తనివ్వకుండా ఇల్లు నడిపాను, పది మందిలో పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు మంచం కింద గోనెసంచి కప్పుకుని ఉంది. వంక పెట్టనిది ఒక్కతే, నా బిడ్డ. అది ఉత్త అన్నంలో కలుపుకుని తింటోంది.

తొక్కుకు బూజు పట్టింది, పారబోయండి అని ఫోన్లో చెబితే సరిపోయేది. మా ఆడబిడ్డలకు అట్లాగే చెబుదామని నోటిదాకా వచ్చింది కూడా. కానీ బిడ్డ ఏడో నెలలోకి వచ్చింది. డాక్టరుకు చూపించాలంటే నిజం తెలియాలి. తెల్లవారి రెండు ఆటోలు మారి రావిర్యాల పోయాను.

బిడ్డ వాకిట్లో నీళ్లు జల్లుతోంది. నన్ను చూసి, "అమ్మా, చెప్పకుండ వచ్చినవేందే?" అని సంబరపడింది. వాళ్ల అత్త, మా వియ్యపురాలు, కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. బకెట్లు ఎక్కడివో, కోడలు ఏమందో, నేను ఏమన్నానో, గోటి కింద ఏం వచ్చిందో, అన్నీ.

వియ్యపురాలు ముందు బిడ్డ కడుపు వంక చూసింది. తర్వాత నా వంక.

"వదినె, రెండు బకెట్లు పంపినవ్. దీనికి తప్ప ఇంట్ల ఎవలికి పెట్టలే నేను. అమ్మ పంపింది, పిల్లే తినని అన్న."

"తప్పు నాదే వదినె."

"తప్పు నీదయితె మోసేది అది గదా."

బిడ్డ చెంబు కింద పెట్టి, నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. కొట్టినా బాగుండేది.

ముగ్గురం సర్కారు దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చిన్న వయసుది, కోస్తా వైపు మాట. మా బిడ్డను పడుకోబెట్టి చూసింది, స్కానింగ్ చేయించింది. లోపల బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, బరువు మాత్రం నెలకు తగ్గట్టు లేదని చెప్పింది. నేను బకెట్ సంగతి చెప్పాను. రాయడం ఆపి విన్నది.

"ఆ బకెట్లో అంతకు ముందు ఏముండేదండీ?"

"తెల్వదమ్మా."

"మీద రాసి ఉంటుంది కదా. కంపెనీ పేరో, మందు పేరో."

"గీకేసిన."

ఆమె కలం మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "చూడండి పెద్దమ్మా, ప్లాస్టిక్‌లో కలిపేవి, అందులో నిల్వ ఉన్నవి కొన్ని ఉంటాయి. వేడి తగిలితే, నూనె, పులుపు తగిలితే కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతాయి. అవి కడుపుతో ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు మంచివి కావంటారు. మీ అమ్మాయికి దానివల్లే ఏమైనా అయిందా అంటే నేను చెప్పలేను. బరువు తగ్గడానికి వంద కారణాలుంటాయి. ఏమీ కాలేదని కూడా చెప్పలేను. పరీక్ష చేయిద్దామన్నా దేనికని చేయించాలి? పేరైనా తెలియాలి కదా. ఇక అది తినడం ఆపేయండి. మంచి తిండి పెట్టండి."

మళ్లీ బిడ్డ వైపు తిరిగి, "టీ, సాంబారు లాంటివి వేడివేడిగా కవర్లలో పోయించి తెచ్చుకుంటారా?" అని అడిగింది.

"రోజు పొద్దుగాల సాంబారు కవర్లనే వస్తది మేడం. మా అత్తమ్మనే తెప్పిస్తది" అంది బిడ్డ.

"అడిగినదానికే చెప్పు నువ్వు" అని వియ్యపురాలు గుడ్లురిమింది. కానీ ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

మరునాడు ఆరాంఘర్ పోయాను. చీటీ ఉన్న బకెట్ ఒక్కటైనా దొరికితే కోడలితో చదివించి, డాక్టరమ్మకు చెప్పొచ్చని ఆశ. దుకాణంలో బకెట్లు గుట్టగా ఉన్నాయి. తెల్లవి, నీలంవి. చీటీలు రకరకాలు. నావి ఏ రకమో నాకు గుర్తులేదు. ఎర్ర గీత ఉండేది, నీలం అక్షరాలు ఉండేవి అనుకుంటాను. అట్లాంటివి మూడు రకాలు కనిపించాయి.

దుకాణం అతను ముసలివాడు, గడ్డం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడు.

"పీతల్ గంగాళం అమ్మ కదా?"

"నాకిచ్చిన బకెట్లల్ల ఏముండె అన్నా? జర యాద్ చేసుకో."

"ఎట్ల యాదుంటది అమ్మా? ఈ రోడ్డు పొంటి బిల్డింగులు లేస్తనే ఉన్నయ్, బకెట్లు వస్తనే ఉన్నయ్. ఒకలు నీళ్లకు కొంటరు, ఒకలు బర్ల కుడితికి కొంటరు. నువ్వు దేనికి కొన్నవ్?"

"మామిడికాయ తొక్కుకు."

అతను నాలుక కరుచుకున్నాడు. "యా అల్లా. గా మాట అప్పుడు చెప్పొద్దా నాకు?"

"నువ్వు అడగొద్దా?"

"దేనికని అడుగుకుంట కూసుంటె దుకాణం నడుస్తదా అమ్మా?" అన్నాడు. కసురుకోలేదు. పరేషాన్ అయినట్టే అన్నాడు. నాకు మంచినీళ్లు ఇప్పించాడు. స్టీలు గ్లాసులో.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అతని దగ్గరికి వచ్చినప్పుడు ఆ బకెట్ల మీద చీటీలున్నాయి. తీసింది నేను.

ఐదిళ్ల తొక్కూ వెనక్కి తెప్పించాను. ఆడబిడ్డలకు బూజు అని చెప్పలేదు, జరిగింది చెప్పాను. పెద్దావిడ "పోనీలే, అందరం బాగనే ఉన్నం గదా" అంది. చిన్నావిడ రెండు నెలలు మా గడప తొక్కలేదు. మా ఇంటి వెనక గొయ్యి తవ్వించి తొక్కు అంతా అందులో పోయించాను. కారం పట్టించేటప్పుడు కింద పడ్డ చిటికెడు కూడా ఎత్తి డబ్బాలో వేసే మనిషిని నేను. ఆ రోజు బకెట్ వెనక బకెట్ గుమ్మరిస్తుంటే యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బకెట్లను కాల్చేద్దామంటే, ఆ పొగ ఇంకా పాడని కోడలు ఆపింది. ఈసారి ఆగాను. కొడవలితో ఒక్కొక్కటీ అడుగు దాకా చీల్చాను. లేకపోతే చెత్తబండి వాడు ఎత్తుకుపోయి ఏ ఇల్లాలికో అమ్ముతాడు, ఆమె చింతపండుతో తోముకుంటుంది.

అది నా బిడ్డకు తొలి కాన్పు అవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మా ఆనవాయితీ. తొమ్మిదో నెలలో చీర, గాజులు, ఒడిబియ్యం పట్టుకుని, యారాలిని తోడు తీసుకుని బిడ్డను తోలుకురావడానికి పోయాను. ఒడి నింపడం అయింది. బట్టల సంచీ గురించి అడిగితే వియ్యపురాలు పక్కకు పిలిచింది.

"వదినె, ఏమనుకోకు. పిల్లను పంపియ్య. పురుడు ఈన్నే చేస్తం."

"ఇప్పుడు మా ఇంట్ల ఆ బకెట్లు లేవు. మట్టికుండలు తెచ్చిన, స్టీలు గిన్నెలు తెచ్చిన."

"అది కాదు వదినె. రెండుసార్లు అయింది దానికి. నాకు భయమైతున్నది. నీ మీద కోపం కాదు, నీ ఇంటి తిండంటె భయం."

బిడ్డ గుమ్మంలో నిలబడి ఉంది, కొత్త గాజులు వేసుకుని. అది "నేను పోత" అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. అది నేల చూపులు చూసింది. నా మీద జాలిపడి యారాలు ఏదో అనబోతే నేనే చేయి పట్టుకుని ఆపాను. ఇంకో రోజైతే వాకిట్లో నిలబడి పది ఇళ్లకు వినబడేలా అడిగేదాన్ని. తొలి కాన్పుకు పంపని అత్తగారిళ్ల గురించి మా ఊళ్లో ఏమనుకుంటారో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"అయితే నన్ను ఇక్కడ ఉండనిస్తవా వదినె?" అని అడిగాను.

బిడ్డనిచ్చిన ఇంట్లో మా వాళ్లు ఒక పూట కంటే ఎక్కువ తినరు. రెండో పూటకు పరువు తక్కువ అంటారు. నేనే ఎంతమందిని అట్లా అన్నానో. వియ్యపురాలికి నా మాట అర్థం కాలేదనుకుంటాను, నా ముఖంలోకి చూసింది.

"ఇరవై ఒక్క దినాలు. వంట నేను చేస్త. గిన్నెలు నీవి, సరుకులు నీవి. నువ్వు పక్కన నిలబడి చూడు. ముందు నువ్వు తిని, ఆనక దానికి పెట్టు."

అట్లా ఒప్పందమైంది.

నొప్పులు వచ్చింది పొద్దున, కాన్పయింది మధ్యాహ్నం. ఆడపిల్ల. రెండు కిలోలకు కొంచెం పైన. డాక్టరమ్మ పిల్లను తలకిందులు చేసి చూసి, చిన్నదే కానీ గొంతు పెద్దదని నవ్వింది. "బరువుకు కారణం..." అని నేను అడగబోతే, "పెద్దమ్మా, నాకు తెలియదు. మీకూ తెలియదు. పాలు పట్టించండి" అంది. ఆ పిల్లకు ఇప్పుడు నాలుగో ఏడు. సన్నగా ఉంటుంది. జలుబు చేస్తే తొందరగా తగ్గదు. మా మనవలందరిలో సన్నగా ఉన్న పిల్లలు ఇంకా ఇద్దరున్నారు, వాళ్లెవరూ ఆ తొక్కు తినలేదు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నా ఒకవైపుకు తేలదు. జ్వరం వచ్చిందని బిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరం ఆ ఒక్క మాటా పక్కన పెట్టి మిగతావన్నీ మాట్లాడుకుంటాం.

ఇరవై ఒక్క దినాలు రావిర్యాలలో వండాను. ఎల్లిపాయ కారం, పాతబియ్యం అన్నం, మిరియాల చారు. వియ్యపురాలు మాట ప్రకారం పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను గిన్నె తీస్తే చూసేది, నూనె పోస్తే చూసేది. కొత్తలో ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. నాలుగో రోజు, "ఎల్లిపాయ గింత మాడ్చొద్దు వదినె" అంది. మాడలేదు, కానీ నేను సరే అన్నాను. ప్రతి పూటా మొదటి ముద్ద ఆమె తిని, కాసేపు కూర్చుని, అప్పుడు తల ఊపేది. నేను విస్తరి తీసుకుని బిడ్డ గదిలోకి పోయేదాన్ని. యాభై ఏళ్లు నా వంట ఎవరూ రుచి చూడకుండానే బాగుందన్నారు. ఇప్పుడు ఒక మనిషి తల ఊపే దాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత, ఆ తల ఊపు కోసం ఎదురుచూడడం అలవాటయింది.

పద్నాలుగో రోజో, పదిహేనో రోజో, అన్నం దించేసరికి పీట ఖాళీగా ఉంది. వియ్యపురాలు బర్రెకు గడ్డి వేయడానికి పోయింది. నేను విస్తరిలో అన్నం పెట్టి, చారు పోసి, మూత పెట్టి కూర్చున్నాను. లోపల పిల్ల ఏడుస్తోంది, బిడ్డ ఊరుకోబెడుతోంది. చాలాసేపటికి ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, విస్తరి వంక చూసింది.

"అన్నం సల్లారిపోతున్నది, ఇంక పెట్టలేదేంది వదినె?"

"నువ్వు చూడలే గదా."

ఆమె నిలబడే ఉంది. పీట మీద కూర్చోలేదు.

"నేను చూసేదేం లేదు. బాలింతకు ఆకలైతది. పో, పెట్టు" అంది.

విస్తరి పట్టుకుని లోపలికి పోయాను. బిడ్డ పిల్లను ఒడిలోంచి దించకుండానే నోరు తెరిచింది. ముద్ద కలిపి పెట్టాను. వెనక ఎవరూ లేరు. తొందరలో చారు దాని చీర మీద ఒలికింది.

"మెల్లగనే అమ్మా" అంది, నమిలి మింగుతూ. మళ్లీ నోరు తెరిచింది.